త్రీనాట్‌త్రీ జనకుడు జేమ్స్ పారిస్ లీ

పోలీసు ఠాణా ముంగిట నిలిచిన కాపలావాని భుజమున, ఖజానా ద్వారమున, ఎన్.సి.సి. కవాతు మైదానమున మూడు తరముల తెలుగువారు చూచిన తుపాకి యొకటి కలదు. చదువు రానివారు సైతము దానిని త్రీనాట్‌త్రీ యని పిలిచిరి. ఆ పిలుపు మనుష్యుని పేరు కాదు, ఊరి పేరును కాదు. గొట్టపు రంధ్రము అడ్డుకొలత అంగుళములో వెయ్యింట మూడువందల మూడు వంతులు, అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు, అని తెలుపు అంకె మాత్రమే. సర్కారు దస్త్రములలో దాని పేరు వేరు: షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డు. ఈ నాలుగు మాటలలో మొదటిది ఒక కొలత, రెండవది ఒక పెట్టె, మూడవది ఒక మనుష్యుడు, నాలుగవది ఒక ఊరు. ఆ మనుష్యుడు సేనాధిపతి కాడు. ఆయుధముల కర్మాగారమునకు అధికారియు కాడు. గడియారములు బాగుచేయు వృత్తిలో పెరిగిన ఒక వలస కుటుంబపు బిడ్డ.

జేమ్స్ పారిస్ లీ 1831వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన స్కాట్లండు దేశమున హావిక్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన పేరులోని పారిస్ ఫ్రాన్సు రాజధాని కాదు. తల్లి మార్గరెట్ పుట్టినింటి పేరు పారిస్. తండ్రి జార్జి లీ. పుట్టినింటి పేరును బిడ్డకు నడిమి పేరుగా నిలుపుకొనుట ఆ దేశమున వాడుక. లీ ఐదవ యేట కుటుంబమంతయు అట్లాంటిక్ సముద్రము దాటి కెనడాలో, ఇప్పటి అంటారియో రాష్ట్రమునకు చెందిన గాల్ట్ అను ఊర స్థిరపడినది. తండ్రి వృత్తి గడియారముల పని, నగల పని. ఇంట ఎల్లవేళల సన్నని పనిముట్లు, పళ్ళ చక్రములు, చుట్టిన స్ప్రింగులు.

పండ్రెండవ యేట బాలుడు తన మొదటి తుపాకిని తానే చేసికొనెను. తండ్రి వద్ద పడియున్న పాత గుఱ్ఱపు రౌతు పిస్తోలు గొట్టమును తీసికొని, అక్రోటు కఱ్ఱతో పిడి అమర్చి, మందు పోయుటకు పళ్ళెమును తానే తొలిచెను. అది సరిగా పేలలేదందురు. పేలకపోయినను బాలుని కుతూహలము చల్లారలేదు. తండ్రి వద్ద పని నేర్చి, పదునేడవ యేట టొరంటో నగరమునకు పోయి అందు మెలకువలు సంపాదించి, 1850 ప్రాంతమున చాతమ్ అను ఊర సొంత దుకాణము తెరచెను. కరోలిన్ క్రిస్లర్ అను కన్యను వివాహమాడెను. ఇరువురు కుమారులు కలిగిరి. ఇంతవరకు చూచిన, గడియారము బాగుచేయుచు నలుగురిలో మర్యాదగా బ్రతికి పోవలసినవాని జీవితమే అది.

1850ల చివర కుటుంబముతో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విస్కాన్సిన్‌కు తరలిపోయెను. 1861లో ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగినది. నాటి సిపాయి తుపాకి ముందునుండి, అనగా గొట్టపు మూతినుండి, మందును గుండును దట్టించునది. దట్టించుటకు నిలువవలెను, నిలిచినవాడు శత్రువునకు గురి. వెనుకనుండి తూటా పెట్టు తుపాకిని ఎవడు చౌకగా చేసి ఇచ్చునా యని సైన్యము వెదకుచుండెను. లీ పాత తుపాకులనే వెనుకనుండి నింపునట్లు మార్చు పద్ధతి నొకటి కనిపెట్టి 1862లో పేటెంటు పొందెను. మిల్‌వాకీ నగరమున సొంత కంపెనీ పెట్టెను. రౌతులకు వేయి పొట్టి తుపాకులు చేసి యిచ్చుటకు అమెరికా సైన్యముతో ఒడంబడిక కుదిరినది.

ఆ వేయి తుపాకులే ఆయనకు మొదటి పెద్ద దెబ్బ. గొట్టపు కొలత విషయమున ఒడంబడికకును తయారైన సరకునకును పొందిక లేదని సైన్యము సరకును తిరస్కరించినది. అప్పటికి యుద్ధమును ముగిసినది. యుద్ధము ముగిసినపిమ్మట తుపాకి అడుగువాడెవడు? సరకు మూలపడెను, కంపెనీ కుంగెను. టెండరులు, నమూనాలు, కొలతలలో వెంట్రుకవాసి భేదములు ఎట్లు కొంపలు ముంచునో సర్కారు కొలువు చేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

లీ మరల పరుల కర్మాగారములనే నమ్ముకొనెను. న్యూయార్కు రాష్ట్రమున ఇలియన్ అను ఊర రెమింగ్‌టన్ వారి పెద్ద ఆయుధశాల యుండెను. 1870లలో అందు చేరి, ఒక తూటా మాత్రమే పట్టు తుపాకులను కొన్నింటిని చిత్రించెను. కాని ఆయన మనస్సు మరియొక చిక్కుపై నిలిచినది. ఒక్కొక్క తూటా చొప్పున పెట్టుచు పేల్చుటకన్న, పదింటిని ఒకేసారి తుపాకిలో నిలువచేసి ఒకదాని వెంట నొకటి అందించుట యెట్లు? ఇతరులు దీనికి చేసిన యుపాయము గొట్టము క్రింద మరియొక సన్నని గొట్టము పెట్టి, అందు తూటాలను వరుసగా, ఒకదాని మొన మరియొకదాని అడుగునకు తగులునట్లు, పేర్చుట. అందు రెండు దోషములు. తూటాలు ఖర్చగుకొలది తుపాకి ముందుభాగపు బరువు తగ్గి గురి మారును. అంతకన్న ముఖ్యముగా, మొన కోసుగా నున్న తూటా ముందుదాని అడుగున నున్న మందుబిళ్ళను కొట్టిన, తుపాకి సిపాయి చేతులలోనే పేలవచ్చును.

లీ ఆలోచన గడియారపు పనివానిది. తూటాలను పడుకొనబెట్టి ఒకదానిపై నొకటి పేర్చెను. అందుకు ఒక రేకు పెట్టెను చేసి, అడుగున మడతల స్ప్రింగు నమర్చి, ఆ పెట్టెను తుపాకి కడుపున, ట్రిగ్గరుకు ముందు, బోల్టుకు సరిగ్గా క్రింద తగిలించెను. బోల్టును వెనుకకు లాగిన కాలిన తూటా గుల్ల బయటపడును. స్ప్రింగు క్రింది తూటాను పైకి తోయును. బోల్టును ముందుకు త్రోసిన ఆ తూటా గొట్టములోనికి పోవును. అంతే. గడియారములోని స్ప్రింగు కాలమును కొంచెము కొంచెముగా విడిచిపెట్టినట్లు ఈ స్ప్రింగు తూటాలను ఒక్కొక్కటిగా విడిచిపెట్టెను. ఖాళీ పెట్టెను ఊడదీసి నిండుదానిని తగిలింపవచ్చును. 1879 నవంబరులో ఈ పెట్టెకు అమెరికా పేటెంటు లభించినది. లోకమున నేటికిని సైన్యములు వాడు తుపాకులలో చాల భాగమునకు క్రిందుగా వ్రేలాడు పెట్టె ఆనాటి లీ పెట్టెకు సంతతియే. దానికి మ్యాగజైన్ అని పేరు. నిలువచేయు కొట్టు అను అర్థముగల అరబ్బీ మాటనుండి వచ్చినది. వ్యాసములను, కథలను నిలువచేయు పత్రికకును అదియే పేరగుట ఆ మాటకు దొరకిన మంచి భాగ్యము.

స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పని చేసిన లీని ఏ దేశమువాడనవలెనను తగవు కూడ కలదు. అంటారియోలోని వాలేస్‌బర్గ్ అను ఊర ఆయన సోదరుని కార్ఖానా యుండెను. పెట్టె తుపాకి తొలి పరీక్షలు అచ్చటనే జరిగినవని ఆ యూరివారి నమ్మకము. గొప్ప వస్తువునకు ఊళ్ళు పోటీపడుట సర్వత్ర కలదు.

వస్తువు గొప్పదైనను చేయించువారికి అదృష్టము లేకపోయెను. అమెరికా నౌకాదళమువారు 300 తుపాకులు కోరిరి. కనెక్టికట్ రాష్ట్రమున షార్ప్స్ కంపెనీ వాటిని చేయుటకు పూనుకొని, పని ముగియకమునుపే మూతబడినది. పని రెమింగ్‌టన్ వారికి మారినది. రెమింగ్‌టన్-లీ యను పేర ఆ తుపాకులు చైనా వరకు అమ్ముడుపోయెను. 1886లో రెమింగ్‌టన్ వారును అప్పులపాలై కర్మాగారమును ఇతరుల చేతులలో పెట్టవలసి వచ్చినది. అమెరికా పదాతి సైన్యమువారు 1892లో తమకు క్రొత్త తుపాకి నెన్నుకొనునపుడు లీ తుపాకిని విడిచి నార్వే దేశపు క్రాగ్ తుపాకిని చేపట్టిరి. ఇంట ఓడిన విద్య బయట గెలిచినది. అప్పటికే సముద్రమున కావలితీరమున బ్రిటిషు వారు లీని పట్టుకొనియుండిరి.

బ్రిటిషు యుద్ధశాఖవారు 1880 మొదలు అనేక నమూనాలను పరీక్షించి, వడపోసి, తుదకు లీ బోల్టును లీ పెట్టెను మెచ్చుకొనిరి. 1888 డిసెంబరులో క్రొత్త తుపాకిని సైన్యమునకు మంజూరు చేసిరి. అప్పుడు దానికి పెట్టిన పేరు మ్యాగజైన్ రైఫిల్ మార్క్ 1 అని మాత్రమే. మనుష్యుల పేరు లేదు. 1891లో పేరు మార్చి లీ-మెట్‌ఫర్డ్ అనిరి. బోల్టును పెట్టెను చేసినవాడు లీ. గొట్టము లోపలి చాళ్ళను చిత్రించినవాడు విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్. ఆ మెలిచుట్టు చాళ్ళవలననే గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా పోవును. రైఫిల్ అను మాటయే ఆ చాళ్ళనుండి పుట్టినది.

ఈ మెట్‌ఫర్డ్ కథ జంషెడ్పూరు పరిసరములవారికి ఆసక్తి కలిగించును. ఆయన వృత్తి రైల్వే ఇంజనీరు. 1857లో ఈస్టిండియన్ రైల్వే కొలువునకు బీహారులోని ముంగేరు పట్టణమునకు వచ్చెను. వచ్చిన సమయము సిపాయిల తిరుగుబాటు కాలము. ఆ యూరి రక్షణ యేర్పాటులలో ముఖ్యపాత్ర వహించి, ఆరోగ్యము పూర్తిగా చెడగొట్టుకొని, సంవత్సరము తిరుగకుండ స్వదేశమునకు మరలెను. మిగిలిన జీవితమున తుపాకి గొట్టములే ఆయన వ్యాపకము. ముంగేరు తుపాకి పనివాండ్రకు పేరుపడిన ఊరగుట కేవలము కాకతాళీయము.

మెట్‌ఫర్డ్ చాళ్ళు ఏడు. లోతు తక్కువ, అంచులు గుండ్రన. పాత నల్లమందు కాలిన మసి అంచులలో పేరుకొనకుండుటకై అట్లు చేసెను. ఆయన లెక్క తప్పు కాదు, కాని కాలము మారినది. పొగలేని కార్డైట్ మందు ప్రవేశించెను. దాని వేడి చాల హెచ్చు. లోతులేని చాళ్ళు ఆ వేడికి త్వరలో అరిగిపోయి గొట్టము నున్ననై, గురి తప్పసాగెను. లండను సమీపమున ఎన్‌ఫీల్డు అను ఊర నున్న రాజకీయ ఆయుధ కర్మాగారమువారు ఐదు చాళ్ళు, లోతు హెచ్చు, అంచులు చదరముగా క్రొత్త గొట్టము చేసిరి. 1895లో మెట్‌ఫర్డ్ పేరు తీసివేసి ఎన్‌ఫీల్డు పేరు చేర్చిరి. తుపాకిలో లోహము అరిగినది, దానితోపాటు ఒకని పేరును అరిగిపోయెను. లీ పేరు మాత్రము నిలిచినది.

ఎన్‌ఫీల్డు అను ఊరి పేరు భారతీయుల చెవికి అప్పటికే క్రొత్తది కాదు. 1857లో సిపాయిలు పండ్లతో కొఱుకమనగా తిరుగబడిన క్రొవ్వు పూసిన తూటా, ఆ కర్మాగారపు 1853 నమూనా తుపాకిదే. ఆ కల్లోలము పిమ్మట చాలకాలము భారతీయ సిపాయికి తెల్ల సిపాయికన్న ఒక తరము వెనుకబడిన తుపాకినే ఇచ్చు పద్ధతి సాగినది. అదే పేరు మరియొక దారిలో ఇంటింటికి చేరినది: రెడిచ్ పట్టణపు సైకిళ్ళ కంపెనీ యొకటి 1890లలో ఎన్‌ఫీల్డు ఆయుధశాలకు తుపాకి భాగములు చేసి యిచ్చు పని సంపాదించి, ఆ గర్వముతో తన సైకిళ్ళకు రాయల్ ఎన్‌ఫీల్డు అని పేరు పెట్టుకొనెను. 1955లో మద్రాసులో ఆ పేరి మోటారు సైకిళ్ళ తయారీ ఆరంభమైనది.

దక్షిణాఫ్రికాలో 1899 నుండి 1902 వరకు జరిగిన బోయరు యుద్ధమున బ్రిటిషు తుపాకి లోపములు బయటపడెను. పదాతికి పొడుగు తుపాకి, రౌతునకు పొట్టి తుపాకి అని రెండు రకములుండుట చిక్కు. తూటాలను పెట్టెలో ఒక్కొక్కటిగా దూర్చుట ఆలస్యము. బోయరులు ఐదు తూటాలను ఒక రేకు పట్టీనుండి ఒక్క త్రోపుతో నింపుచుండిరి. అందుచే ఇరువురికిని పనికివచ్చు నడిమి పొడవు గల ఒకే తుపాకిని, పట్టీనుండి నింపునట్లు చేసిరి. గొట్టము పొడవు 25 అంగుళములు; మొత్తము పొడవు 44 అంగుళముల పైచిలుకు. పేరులో షార్ట్ అను మాట చేరినది ఇందువలన. పొట్టిది తుపాకియే కాని మ్యాగజైను కాదు. ఆంగ్లపు మాటల వరుస చూచి మ్యాగజైను పొట్టిదని భ్రమించువారు కలరు. ఆ పెట్టెలో పది తూటాలు పట్టును. 1907లో వచ్చిన మూడవ మార్క్ నమూనాయే ప్రసిద్ధి కెక్కిన తుపాకి.

అమెరికాలో లీ వార్ధక్యమున కూడ పని మానలేదు. బోల్టును త్రిప్పనక్కరలేక నేరుగా లాగి త్రోసిన చాలునట్లు ఒక క్రొత్త తుపాకిని చేసెను. 1895లో అమెరికా నౌకాదళమువారు దానిని చేపట్టిరి. వించెస్టర్ కంపెనీ తయారుచేసినది. 1898లో క్యూబా యుద్ధమున నౌకా సిపాయిలు దానిని వాడిరి. సైన్యపు తుపాకినే వేటగాండ్రకు తగినట్లు మలచి బజారున పెట్టగా కొనువారు కరవైరి. ఆ వేట తుపాకి వేలలో కొలదిగా మాత్రమే చెల్లినది.

1904 ఫిబ్రవరి 24వ తేదీన లీ కనెక్టికట్‌లో షార్ట్‌బీచ్ అను చోట, తన 73వ యేట మరణించెను. షార్ట్ మ్యాగజైన్ తుపాకి సైన్యము చేతికి అప్పుడప్పుడే అందుచుండెను.

ఆ తేదీని జంషెడ్పూరు వాసులు మరియొక కారణమున ఎరుగుదురు. సరిగ్గా ఆ దినముననే భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ బోసు మయూర్‌భంజ్ సంస్థానమున గోరుమహిసాని కొండలలో ఇనుప ఖనిజము సమృద్ధిగా కలదని జంషెట్జీ టాటాకు లేఖ వ్రాసెను. ఆ సంవత్సరము మే 19వ తేదీన జంషెట్జీ జర్మనీలో మరణించెను. ఆయన కోరిన ఉక్కు 1912 ఫిబ్రవరి 16న సాక్చిలో మొదటి దిమ్మగా పోతపోయబడెను. మొదటి ప్రపంచ యుద్ధమున మెసపొటేమియాకు పోయిన రైలుపట్టాలు ఈ ఊరివి. ఆ యుపకారమునకై 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చికి జంషెడ్పూరు అని నామకరణము చేసెను. కాలీమాటి స్టేషను టాటానగర్ అయినది. తన పేరిట నగరము వెలయుటను జంషెట్జీ చూడలేదు. తన పేరిటి తుపాకి లోకమంత తిరుగుటను లీ చూడలేదు. ఆ సంవత్సరముననే హుగ్లీ తీరమున, కలకత్తాకు ఉత్తరముగా, ఇచ్ఛాపూరున పాత మందు కర్మాగారపు చోట తుపాకుల కర్మాగారము వెలసినది. భారత దేశమున లీ-ఎన్‌ఫీల్డుకు పుట్టినిల్లు అది. ఆంగ్లేయుల నోట ఇషాపూర్ అయినది.

సైన్యపు తుపాకికి పౌరుల చేతిలో మారుపేరు వచ్చిన కథ ఇక చెప్పవలెను. బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఏ. కంపెనీ సర్కారుకు లీ-మెట్‌ఫర్డ్, లీ-ఎన్‌ఫీల్డు తుపాకులను చేయుచు, అదే బోల్టు, అదే పెట్టెతో సన్నని కట్టె, నగిషీ పని గల వేట తుపాకులను కూడ చేసి అధికారులకు, దొరలకు అమ్మసాగెను. వాటిపై లీ-స్పీడ్ పేటెంట్లు అని చెక్కిరి. స్పీడ్ అనగా వేగమని తోచును. కాని అదియు ఇంటిపేరే. జోసెఫ్ స్పీడ్ అను ఆయన ఎన్‌ఫీల్డు కర్మాగారమున పనిచేసి తుపాకిలో కొన్ని సవరణలకు పేటెంట్లు పొందినవాడు. ఒకే తుపాకి సిపాయి భుజమున లీ-ఎన్‌ఫీల్డు, వేటదొర చేతిలో లీ-స్పీడ్. టీ తోటల దొరలు, అడవి అధికారులు దీనిని ముచ్చటపడి కొనిరి.

భారతదేశమున దీనికి మరియొక మెలిక పడినది. 1878 నాటి ఆయుధ చట్టము భారతీయుని లైసెన్సుకు కట్టివేసి, యూరోపియనునకు సడలింపు నిచ్చినది. అంతటితో సర్కారు భయము తీరలేదు. సైన్యపు తూటాలు దొంగతనముగా బయటికి పోయి తిరుగుబాటుదారుల తుపాకులలో పడునను భయము పట్టుకొనెను. అందుచే ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో .303 కొలత తుపాకులు ఈ దేశమున ప్రజల వద్ద నుండరాదని కట్టడి చేసిరి. తుపాకి అదియే యుండవచ్చును, రంధ్రపు కొలత వేరుగా నుండవలెను. సైన్యపు తూటా దానిలో పేలరాదు. తుపాకి వర్తకులు క్షణము ఆలస్యము చేయలేదు. ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల తూటాను తెచ్చి, దానికి సరిపడు గొట్టమును లీ బోల్టుకు తగిలించి, .315 అని పేరిడిరి. రెండు అంకెల నడుమ భేదము అంగుళములో వెయ్యింట పండ్రెండు వంతులు. ఆ సన్నని సందులో ఒక సామ్రాజ్యపు అనుమానమంతయు ఇమిడియున్నది.

ఠాణా పోలీసును కూడ ఆ సర్కారు పూర్తిగా నమ్మలేదు. సైన్యపు తుపాకినే తీసికొని, పెట్టెను మూసివేసి, రంధ్రమును .410 అంగుళమునకు పెద్దదిగా తొలిచి, ఒక్కొక్క తూటాయే పట్టునట్లు, దగ్గరి దూరమునకే పనికివచ్చునట్లు చేసి పోలీసులకు, కాపలావారికి ఇచ్చిరి. ఇచ్ఛాపూరున ఈ మార్పు విరివిగా జరిగినది. లీ శ్రమించి కనిపెట్టిన పెట్టెను మూసివేయుటయే ఇందలి విశేషము. ఈ భయమునకు కారణము లేకపోలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి, ఎవరిని చంపక, తుపాకులను తూటాలను పట్టుకొనిపోయెను.

లీ తుపాకి చేసిన పనులలో కొన్నింటిని తలచుకొనుట కష్టము. 1919 ఏప్రిలు 13న అమృతసరమున జలియన్‌వాలా బాగులో డయ్యరు సిపాయిలు పేల్చినవి .303 తూటాలే; లెక్కకు వచ్చినవి 1,650. తూటా కింత చొప్పున మందిని లెక్కకట్టిన ఆ అధికారి తుపాకి వేగమును గుణముగానే ఎంచెను. అదే తుపాకితో 1914లో ఫ్రాన్సునకు పోయిన భారతీయ సిపాయిలు జర్మనుల ధాటిని ఆపిరి. వారు ఇంటినుండి తీసికొనిపోయినవి పాత రకములు. మార్సేల్స్ రేవున దిగినపిమ్మటనే వారికి క్రొత్త నమూనా తుపాకులు అందెను. రెండు ప్రపంచ యుద్ధములలోను, కాశ్మీరున 1947-48లోను జవాను చేతి ఆయుధము లీ-ఎన్‌ఫీల్డే. అన్ని దేశములలో కలిపి సుమారు 1 కోటి 70 లక్షలు తయారైనట్లు అంచనా. తరిఫీదు పొందిన సిపాయి నిమిషమునకు పదునైదు సార్లు గురిచూచి పేల్చగలిగెడివాడు. కారణము లీ బోల్టే. దానిని కొంచెము త్రిప్పిన చాలును, లాగు దూరమును తక్కువ.

ఆ వేగమునకు మూలమైన కట్టుబడియే దాని బలహీనత కూడ. బోల్టును బిగించు చెవులను లీ ముందు గాక వెనుక పెట్టెను. త్వరగా తెరచుకొనును, కాని తూటా పేలినపుడు వత్తిడి బోల్టు పొడవునంతటికిని పడి, ఉక్కు రవంత సాగును. .303 వత్తిడికి ఇది చాలును. అంతకు మించిన తూటాకు మంచి ఉక్కు కావలెను. 1962లో హిమాలయములలో చైనాతో యుద్ధము వచ్చునప్పటికి జవాను చేతిలో నున్నది .303 లీ-ఎన్‌ఫీల్డు, ఎదుటివారివి తమంత తామే నింపుకొను తుపాకులు. పరాజయము పిమ్మట క్రొత్త తుపాకులు తయారగు లోపల కొఱత తీర్చుటకు ఇచ్ఛాపూరువారు పాత చిత్రమునే తీసికొని, మేలైన ఉక్కుతో బోల్టును దాని గూటిని చేసి, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపరచిరి. 1963లో వచ్చినది 2ఏ. గురి పట్టీ సవరించి 1965లో తెచ్చినది 2ఏ1. పెట్టెలో పది బదులు పండ్రెండు తూటాలు. లీ మరణించిన అరువది యేండ్లకు ఆయన బోల్టు క్రొత్త ఉక్కుతో మరల పుట్టినది. అంత వయస్సున సైన్యమున క్రొత్తగా చేరిన బోల్టు తుపాకి మరియొకటి అరుదు.

ఆ క్రొత్త తుపాకి పేరులో లీ లేడు, ఎన్‌ఫీల్డు లేదు. కొలతయు, రెండక్షరములును మాత్రమే.

పౌరుల తుపాకి సంగతియు అట్లే. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట బ్రిటిషు వారి కట్టడి పోవునని తలచినవారుండవచ్చును, పోలేదు. 1959 ఆయుధ చట్టమును దాని నిబంధనలును .303ను నిషిద్ధ కొలతగానే ఉంచెను. .315 మాత్రము లైసెన్సు గలవారికి అనుమతింపబడెను. ఇచ్ఛాపూరువారు అదే లీ బోల్టుతో, ఐదు తూటాల పెట్టెతో, .315 వేట తుపాకిని చేసి పౌరులకు అమ్మిరి. అడవి మృగముల వేటను 1972 చట్టము ఆపివేసినను తుపాకి పేరులో వేట మిగిలియున్నది. బీహారు, ఉత్తర ప్రదేశ్ పల్లెలలో తీన్ సౌ పంద్రహ్ బోరు అనిన తెలియనివారుండరు. దాని తూటా పేల్చుటకు దొంగచాటున చేసిన నాటు తుపాకులకును ఆ పేరే అంటుకొని, పత్రికల నేరవార్తలలో మాటిమాటికి కనబడుచుండును. ఆస్ట్రియా సైన్యము తన తూటాను ఎన్నడో విడిచిపెట్టెను. భారతదేశమున అది వర్ధిల్లినది.

.303 మాత్రము మెల్లగా వెనుకకు తగ్గెను. 2008 నవంబరులో ముంబయిపై దాడి జరిగినపుడు పోలీసుల చేతులలోని త్రీనాట్‌త్రీలను లోకము చూచినది; మార్పు త్వరపడినది. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 నాటి కవాతులో దానికి వీడ్కోలు పలికిరి. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారముల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విభజింపగా, ఇచ్ఛాపూరు తుపాకుల కర్మాగారము అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ క్రిందికి వచ్చినది. ఆ .315 తుపాకి పెట్టె అడుగున నున్న మడతల స్ప్రింగు గాల్ట్ ఊరి గడియారపు పనివాని కుమారుడు అమర్చినట్లే యున్నది.